జాన్ పెట్రూచీని వినడం ఎక్కడ మొదలుపెట్టాలి: నిదానం ముందు, వేగం తర్వాత

అమెరికా గిటారిస్టు జాన్ పెట్రూచీ పేరు చాలామందికి తెలిసేది ఒక నిమిషం రీల్ వల్ల. వేళ్లు కంటికి ఆనవు, స్వరాలు చెవికి ఆనవు. చూసినవాళ్లు ‘అబ్బో’ అనుకుని తర్వాతి వీడియోకి వెళ్లిపోతారు, మళ్లీ తిరిగి రారు. ఒడిశాలోని బరంపురం, రాయగడ, జయపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో గిటార్ పట్టిన కుర్రాళ్లలో కూడా ఎక్కువమందికి ఇదే జరుగుతుంది. తప్పు వాళ్ల చెవిది కాదు, మొదలుపెట్టిన చోటుది. రాగం తానం పల్లవిలో చివరి స్వరకల్పన ఒక్కటే కోసి వినిపిస్తే, కచేరీలకు అలవాటు పడినవాళ్లకే తలాతోకా తెలియదు.

ఈ మార్గదర్శి లెక్క ప్రకారం ముందు అతని నిదానపు వాయిద్యం, తర్వాత పాటల కట్టుబడి, ఆ తర్వాత తాళం, అన్నిటికంటే ఆఖరున వేగం. రోజుకు అరగంట కేటాయిస్తే ఆరేడు వారాలు పడుతుంది.

మనిషి గురించి నాలుగు ముక్కలు

పెట్రూచీ 1967 జూలై 12న పుట్టాడు, పెరిగింది న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో. చిన్నప్పటి స్నేహితుడు జాన్ మ్యాంగ్ బేస్ గిటార్ వాయిస్తాడు. ఇద్దరూ బాస్టన్‌లోని బర్క్లీ సంగీత కళాశాలలో చేరి, అక్కడ డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్‌ని కలిశారు. 1985లో బ్యాండ్ కట్టి మెజెస్టీ అని పేరు పెట్టారు. ఆ పేరుతో వేరే బ్యాండ్ ఉండటంతో, కాలిఫోర్నియాలో ఒక సినిమా హాలుకున్న డ్రీమ్ థియేటర్ అనే పేరు తీసుకున్నారు. ఆ సలహా పోర్ట్‌నాయ్ తండ్రిది. సినిమా హాలు పేరే బస్టాపుకు ఖాయమైపోయే ఊళ్లవాళ్లం, మనకిందులో వింతేమీ లేదు.

వీళ్లు వాయించేది ప్రోగ్రెసివ్ మెటల్. బరువైన డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఏర్పాటు) గిటార్లు, మధ్యలో మారిపోయే తాళాలు, తరచుగా పది నిమిషాలు దాటే పాటలు. పల్లవి, చరణం, పల్లవి అని ఎదురుచూసే చెవికి మొదట చిరాకు పుడుతుంది. ఇది కృతిలా కాదు, విస్తారంగా పాడే పల్లవిలా నడుస్తుందని అనుకుని కూర్చుంటే చిరాకు సగం తగ్గుతుంది.

వినే ముందు సరిచూసుకోవాల్సినవి

ఫోన్ స్పీకర్‌లో వద్దు. ఈ సంగీతంలో రిథమ్ గిటార్లను రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమ చెవికి, ఇంకొకటి కుడి చెవికి పంచుతారు. సోలో, అంటే గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే భాగం, సాధారణంగా మధ్యలో నిలబడుతుంది. ఫోన్ స్పీకర్‌లో ఇవన్నీ ఒకే ముద్దైపోతాయి. మూడు, నాలుగు వందల రూపాయల తీగ ఇయర్‌ఫోన్ అయినా అంతకంటే మేలు.

రైల్లో ‘ఒక చెవి నీకు, ఒక చెవి నాకు’ పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఇద్దరికీ చెరో గిటార్ మాత్రమే వినిపిస్తుంది, పాట డొల్లగా ఉందని ఇద్దరూ అనుకుంటారు. తప్పనిసరైతే ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మోనో ఆడియో వేయండి. విస్తారం పోతుంది కానీ వాద్యం మాయం కాదు.

బాస్ బూస్ట్ తీసేయండి. సినిమా పాటల కోసం ఈక్వలైజర్‌లో కింది భాగం పెంచి ఉంచుకోవడం చాలామందికి అలవాటు. పెట్రూచీ రిఫ్‌లు, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుసలు, అసలే మందపు తీగల మీద నడుస్తాయి, మ్యాంగ్ ఆరు తీగల బేస్ వాటికి తోడు. దాని మీద మళ్లీ బూస్ట్ వేస్తే గిటార్ ఏదో, బేస్ ఏదో, డ్రమ్మర్ కాలి దెబ్బ ఏదో విడదీయలేరు. ఈక్వలైజర్ ఫ్లాట్‌లో పెట్టండి.

పాటను పాటతో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపండి, మధ్యలో ఖాళీ రాకుండా చేసే గ్యాప్‌లెస్ వేయండి. తర్వాత చెప్పబోయే ఆల్బమ్‌లలో ఒక పాట నేరుగా ఇంకో పాటలోకి జారిపోతుంది, అక్కడ అర సెకను నిశ్శబ్దం వచ్చినా ఊపు తెగుతుంది.

ఇక నెట్‌వర్క్. రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే లైనులోనూ, కోరాపుట్ నుంచి అరకు మీదుగా దిగే లైనులోనూ సొరంగాలు వరుసగా వస్తాయి. స్ట్రీమింగ్ నమ్ముకుంటే సరిగ్గా సోలో దగ్గర ఆగిపోతుంది. ఇంటి దగ్గరే దించుకోండి. 320 కేబీపీఎస్ నాణ్యతలో నిమిషానికి సుమారు 2.4 ఎంబీ పడుతుంది. 57 నిమిషాల ఆల్బమ్ 140 ఎంబీ లోపే.

మొదటి వారం: మూడు పాటలు మాత్రమే

మొదట ‘అనదర్ డే’. 1992లో వచ్చిన ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’ ఆల్బమ్‌లో ఉంది, నాలుగున్నర నిమిషాల లోపు పాట. ఇందులో సాక్సోఫోన్ కూడా ఉంది, మెటల్ బ్యాండ్ అని భయపడేవాళ్లకి అదో ఊరట. గిటార్ సోలోను ఇలా వినండి: తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి తీసుకెళ్లినప్పుడు అది సరిగ్గా ఎక్కడ ఆగుతోంది, ఆగాక ఎలా ఊగుతోంది. వీణ మీద మెట్టు దగ్గర తీగ లాగి గమకం తీయడం చూసినవాళ్లకి ఇది వెంటనే దొరుకుతుంది. పెట్రూచీ లాగిన స్వరం చేరాల్సిన చోటికి కచ్చితంగా చేరుతుంది, అటూ ఇటూ జారదు. అతని వేగం కంటే ముందు గమనించాల్సింది ఈ శ్రుతి శుద్ధి.

రెండోది ‘ది స్పిరిట్ క్యారీస్ ఆన్’, 1999 నాటి పాట. సుమారు ఆరున్నర నిమిషాలు. దీని సోలోను నోటితో పాడుకోవచ్చు. పాడుకోండి కూడా. మూడుసార్లు విన్నాక ఫోన్ ఆపి సోలో మొత్తం హమ్ చేయగలిగితే ఈ వారం పని అయిపోయినట్టే. ఎక్కడ తప్పుతున్నారో అక్కడ అతను మీరు ఊహించని స్వరం వేశాడన్నమాట. వెనక్కి వెళ్లి ఆ చోటే వినండి.

మూడోది ‘పుల్ మీ అండర్’, ఎనిమిది నిమిషాల పైచిలుకు. బరువైన రిఫ్ మొదటిసారి ఇక్కడ తగులుతుంది. ఈ పాట చివర ఉన్నట్టుండి తెగిపోతుంది. ఫైల్ పాడైందని మళ్లీ మళ్లీ దించుకునేవాళ్లున్నారు. పాడవలేదు, వాళ్లు అలాగే ముగించారు. బ్యాండ్‌కు రేడియోలో, టీవీలో పెద్ద పేరు తెచ్చిన పాట దాదాపు ఇదొక్కటే. అందుకే 2008లో వచ్చిన సంకలనానికి ‘గ్రేటెస్ట్ హిట్’ అని ఏకవచనంలో పేరు పెట్టి, తమ మీద తామే జోకు వేసుకున్నారు.

ఇంట్లో పెద్దవాళ్లు ‘ఏమిట్రా ఈ గోల’ అంటే ‘హాలో ఇయర్స్’ పెట్టండి. 1997 పాట, మెత్తని నైలాన్ తీగల గిటార్‌తో మొదలవుతుంది. తర్వాతి పాట ఏదో చూసుకోవడం మీ బాధ్యత.

రెండు, మూడు వారాలు: ఒక ఆల్బమ్ పూర్తిగా

‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’లో పాటలు ఎనిమిది. రెండు ఇప్పటికే విన్నారు. మిగతావి వరుస మార్చకుండా వినండి, రోజుకు రెండు చాలు. 1992 నాటి డ్రమ్ముల శబ్దం ఈనాటి చెవికి కొంచెం కృత్రిమంగా తోస్తుంది, రెండో రోజుకు అలవాటవుతుంది.

ఇక్కడ కొత్తవాళ్లు తడబడే విషయం ఒకటుంది. కీబోర్డ్ కూడా గిటార్‌లా అరుస్తుంది, పైగా ఇద్దరూ చాలాచోట్ల ఒకే వరుసను జంటగా వాయిస్తారు. ఏది ఎవరిదో తేల్చుకోవడానికి స్వరం మొదలయ్యే క్షణం మీద దృష్టి పెట్టండి. గిటార్‌లో తీగకు పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) తగిలే చిన్న ‘టిక్’ ముందు వినిపిస్తుంది. కీబోర్డ్‌లో ఆ గీకుడు ఉండదు. ఈ తేడా పట్టుబడ్డాక జంట వాయిద్యమే ముచ్చటగా ఉంటుంది.

పెట్రూచీ చేతి పని మొత్తం ఒక్కచోట చూడాలంటే ‘అండర్ ఎ గ్లాస్ మూన్’ సోలో. కొన్ని ఆవర్తాలకు ఒకసారి పద్ధతి మార్చేస్తాడు. తెంపు తెంపుగా, ఖాళీలు వదిలి మొదలుపెడతాడు. తర్వాత గిటార్‌కున్న బార్ (తీగల బిగువు మార్చే కడ్డీ) నొక్కి స్వరాన్ని కిందికి ముంచుతాడు, కుడిచేతి వేలితో మెట్ల మీద తట్టుతాడు, చివరికి పిక్‌తో పరుగు తీస్తాడు. మొదటిసారి గందరగోళంగా ఉంటుంది. నాలుగు ముక్కలుగా విడదీసి, ముక్కకు ఐదుసార్లు వినండి. పని ఇదే, దగ్గరదారి లేదు.

చివరి పాట ‘లెర్నింగ్ టు లివ్’ పదకొండున్నర నిమిషాలు. దానికి ముందున్న చిన్న పియానో పాట ‘వెయిట్ ఫర్ స్లీప్’ వరుస ఇందులో మధ్యలో తిరిగి తొంగిచూస్తుంది. షఫుల్‌లో వినేవాళ్లకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

తాళం లెక్క

ఈ సంగీతంలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, నిజానికి తెలుగు చెవికి అనుకూలమైన చోటు కూడా ఇదే. పాశ్చాత్య పాటల్లో ఎక్కువ భాగం నాలుగేసి లెక్కలు. డ్రీమ్ థియేటర్‌లో ఐదు, ఏడు, తొమ్మిది మామూలు. పడమటివాళ్లు వీటిని బేసి తాళాలని ఆశ్చర్యపోతారు. మనకు ఐదు ఖండచాపు, ఏడు మిశ్రచాపు, భజన గోష్ఠిలో కూర్చున్న పిల్లలు కూడా వేస్తారు.

లెక్క పట్టే పద్ధతి: రిఫ్ మొదటి దెబ్బ ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకుని, అదే రిఫ్ మళ్లీ మొదలయ్యేదాకా వేళ్ల మీద లెక్కించండి. ఏడు వస్తే ‘తకిట తకధిమి’ అనండి. సరిపోకపోతే ‘తకధిమి తకిట’ అని తిప్పి చూడండి, విరుపు ఎటైనా ఉండొచ్చు. ఐదైతే ‘తక తకిట’. లెక్క రెట్టింపు వస్తే, అంటే 14 వస్తే, మీరు రెండు రెట్ల వేగంతో లెక్కిస్తున్నారు. తల మాత్రం ఊపకండి. తల నాలుగుకే అలవాటు పడి ఉంటుంది, లెక్కను లాక్కుపోతుంది. చేత్తోనే వేయండి.

ఇంకో మెలిక: గిటార్ ఏడు లెక్కల వరుస వాయిస్తుంటే డ్రమ్ము కింద నాలుగు నడవొచ్చు. ఇద్దరూ విడిపోయినట్టుంటారు, సరిగ్గా 28వ లెక్క తర్వాత ఒకేచోట దిగుతారు. ఆ దిగుడు పట్టుకున్న రోజు ఈ సంగీతం మీదైపోతుంది. రాష్ట్ర సరిహద్దుకు అటువైపు విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు రెండు చేతులు, రెండు కాళ్లు, తలతో ఐదు తాళాలు ఒకేసారి వేసేవాడన్న కథ వింటూ పెరిగిన ప్రాంతం మనది. అమెరికా కుర్రాళ్ల లెక్కలకు బెదిరిపోనక్కర్లేదు.

సాధనకు ‘మెట్రోపొలిస్ పార్ట్ 1’ మధ్య భాగం మంచిది. పరీక్షకు ‘ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’. ఆరు నిమిషాల చిల్లరలో తాళం వందకు పైగా సార్లు మారుతుంది, మధ్యలో పాతకాలపు పియానో చిందు ఒకటి వచ్చి పోతుంది. దీన్ని మొత్తం లెక్కించాలని పంతం పట్టకండి. మొదటి ముప్పై సెకన్లు దొరికితే చాలు.

నాలుగో వారం: మాటల్లేని సంగీతం

గాయకుడు జేమ్స్ లాబ్రీ గొంతు కొందరికి నచ్చదు. ఎత్తైన శ్రుతిలో సాగే గొంతు, సాహిత్యం ఇంగ్లిష్. దాని వల్ల పెట్రూచీని వదులుకోవాల్సిన పనిలేదు. 2005లో వచ్చిన సొంత ఆల్బమ్ ‘సస్పెండెడ్ యానిమేషన్’ అంతా వాద్య సంగీతమే. ‘గ్లాస్గో కిస్’తో మొదలుపెట్టండి, తర్వాత నిదానంగా సాగే ‘లాస్ట్ వితౌట్ యూ’, ఆ తర్వాత బరువైన ‘జాస్ ఆఫ్ లైఫ్’. రెండో సొంత ఆల్బమ్ ‘టెర్మినల్ వెలాసిటీ’కి 15 ఏళ్లు పట్టింది, 2020లో వచ్చింది. అందులో ‘హ్యాపీ సాంగ్’ పేరుకు తగ్గట్టే ఉల్లాసం, ‘ఔట్ ఆఫ్ ది బ్లూ’ నిదానపు బ్లూస్. మా తూకంలో మొదటి ఆల్బమ్ స్వరాల్లో గట్టిది, రెండోది శబ్దంలో గట్టిది.

లిక్విడ్ టెన్షన్ ఎక్స్‌పెరిమెంట్ కూడా మాటల్లేనిదే. పోర్ట్‌నాయ్, కీబోర్డ్ వాయించే జోర్డన్ రూడెస్, బేస్ మీద టోనీ లెవిన్, వీళ్లతో పెట్రూచీ. 1998, 1999లో రెండు ఆల్బమ్‌లు, 2021లో మూడోది. ‘పారడైమ్ షిఫ్ట్’, ‘యాసిడ్ రెయిన్’ రెండూ వేగానికి మంచి నమూనాలు. మొదటి ఆల్బమ్ చివరన 28 నిమిషాల ‘త్రీ మినిట్ వార్నింగ్’ ఉంది. అది ముందే రాసుకున్నది కాదు, అక్కడికక్కడ అల్లుకున్నది. మనోధర్మం అనే మాట తెలిసినవాళ్లు దాన్ని ఓపిగ్గా వింటే, ఒకరు వేసిన ముక్కను ఇంకొకరు అందుకోవడం కనిపిస్తుంది. అందులో సగం చోట్ల ఏమీ జరగదు కూడా, అది మనోధర్మంలో మామూలే.

ఐదో వారం: ఒకే కథ, 77 నిమిషాలు

1999 నాటి ‘మెట్రోపొలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’ మొత్తం ఒక కథ. నికొలస్ అనేవాడు వశీకరణ నిద్రలో గత జన్మలోకి వెళ్తాడు, 1928లో హత్యకు గురైన విక్టోరియా అనే అమ్మాయి కథ బయటపడుతుంది. పునర్జన్మ కథలకు తెలుగువాళ్లకు ముందుమాట అక్కర్లేదు. ముక్కలు చేయకుండా ఒక్క విడతలో వినండి, సాహిత్యం ముందు పెట్టుకోండి. బరంపురం నుంచి రైలెక్కితే పలాస దాటే లోపల కొంత, దాటాక కొంత అన్న లెక్క వద్దు. మధ్యలో ఎవరూ పిలవని గంటంపావు చూసుకోండి. మొదటి వారం విన్న ‘ది స్పిరిట్ క్యారీస్ ఆన్’ ఇందులోదే. కథలో దాని చోటు తెలిశాక ఆ సోలో బరువు మారుతుంది. ‘మెట్రోపొలిస్ పార్ట్ 1’ వరుసలు కూడా అక్కడక్కడా ఎదురవుతాయి, అందుకే అది ముందు వినమన్నాం.

దీని తర్వాత వరుసగా వచ్చిన మూడు ఆల్బమ్‌లకు ఒక ముడి ఉంది. ఈ ఆల్బమ్ చివరి గరగర శబ్దంతోనే 2002 నాటి ‘సిక్స్ డిగ్రీస్ ఆఫ్ ఇన్నర్ టర్బులెన్స్’ మొదలవుతుంది. దాని చివరి స్వరగుచ్ఛంతో 2003 నాటి ‘ట్రెయిన్ ఆఫ్ థాట్’, దాని చివరి పియానో స్వరంతో 2005 నాటి ‘ఆక్టవేరియం’. గొలుసుకట్టు పద్యాల్లో చివరి మాట తర్వాతి పద్యానికి మొదటి మాటైనట్టు.

ఆ తర్వాత

బరువు కావాలంటే ‘ట్రెయిన్ ఆఫ్ థాట్’. అందులో ‘స్ట్రీమ్ ఆఫ్ కాన్షస్‌నెస్’ పదకొండు నిమిషాల వాద్య రచన. ఏడు తీగల గిటార్ ఏం చేస్తుందో తెలియాలంటే 1994 నాటి ‘అవేక్’లో ‘ది మిర్రర్’. ఎనిమిది తీగల గిటార్‌తో చేసింది 2021 నాటి ‘ఎ వ్యూ ఫ్రమ్ ది టాప్ ఆఫ్ ది వరల్డ్’ ఆల్బమ్‌లో ‘అవేకెన్ ది మాస్టర్’. అదే ఆల్బమ్‌లోని ‘ది ఏలియన్’ 2022లో గ్రామీ గెలిచింది.

పొడవైనవి అలవాటైతే 23 నిమిషాల ‘ఎ చేంజ్ ఆఫ్ సీజన్స్’, 24 నిమిషాల ‘ఆక్టవేరియం’, 42 నిమిషాల ‘సిక్స్ డిగ్రీస్’, ఆ వరుసలో. నిదానపు సోలోల మీద మనసైతే 2009 నాటి ‘ది బెస్ట్ ఆఫ్ టైమ్స్’ చివరి భాగం, 2011 నాటి ‘బ్రేకింగ్ ఆల్ ఇల్యూజన్స్’. పోర్ట్‌నాయ్ 2010లో వెళ్లిపోయి 2023లో తిరిగొచ్చాడు. ఆ కూడిక ఫలితం 2025 నాటి ‘పారాసోమ్నియా’.

మొదట్లో జోలికి పోకూడనివి రెండు. 1989 నాటి మొదటి ఆల్బమ్: గాయకుడు వేరు, రికార్డింగ్ పలచన. 2016 నాటి ‘ది అస్టానిషింగ్’: రెండు గంటలకు పైగా, 34 ముక్కలు, నాటకంలా సాగుతుంది, పెట్రూచీ గిటార్ కథకు దారిచ్చి వెనక నిలబడుతుంది. దీంతో మొదలుపెట్టి ‘ఇంతేనా’ అని మానేసినవాళ్లు చాలామంది.

గిటార్ వాయించేవాళ్లకి

అతని పునాది ఆల్టర్నేట్ పికింగ్: పిక్ కిందికి ఒకటి, పైకి ఒకటి, తీగ మారినా ఆ వరుస తప్పకుండా. నిమిషానికి 160 దెబ్బల వేగంలో దెబ్బకు నాలుగు స్వరాలంటే సెకనుకు పది దాటుతాయి. నేరుగా అక్కడికి ఎగబడితే మణికట్టు బిగుసుకుంటుంది, ఎడమచేయి కుడిచేతి కంటే ముందు పరిగెడుతుంది, డిస్టార్షన్ ఆ తప్పును కప్పేస్తుంది. అందుకే డిస్టార్షన్ ఆపి, లయ చెప్పే మెట్రోనోమ్ 60 మీద పెట్టి, నాలుగు వేళ్లకు వరుసగా నాలుగు మెట్లు, ఆరు తీగల మీదా పైకీ కిందికీ. ఐదుసార్లు తప్పు లేకుండా వస్తేనే నాలుగు పెంచండి. మోచేయి నొప్పి వస్తే ఆ రోజుకి ఆపేయండి, నొప్పితో వచ్చే వేగం నిలవదు. 1995లో అతను చేసిన ‘రాక్ డిసిప్లిన్’ పాఠాల వీడియోలో కూడా ఎక్కువ భాగం వేళ్లు వేడెక్కించడం, నిదానంగా మొదలుపెట్టి పెంచడం మీదే నడుస్తుంది.

సోలో నేర్చుకోవడానికి వీడియోను 0.5 వేగంలో పెట్టి, ఒకసారికి రెండు ఆవర్తాలు మాత్రమే తీసుకోండి. మొదటి సోలోగా ‘గ్లాస్ మూన్’ వద్దు, ‘స్పిరిట్ క్యారీస్ ఆన్’ తీసుకోండి. తీగ లాగాక, చేరాల్సిన స్వరం ఉన్న మెట్టు మీద ఆ స్వరం మీటి రెండూ కలుస్తున్నాయో లేదో చూసుకోండి. కలవకపోతే చూపుడువేలు, మధ్యవేలు కూడా ఉంగరపు వేలికి వెనక ఆనించి లాగండి. ఒక్క వేలితో లాగేవాళ్ల స్వరం చాలాసార్లు చేరాల్సిన చోటికి కిందే ఆగిపోతుంది.